వాన పడితే పోయే నలుపు

ఇది రాయకూడదనే అనుకున్నాను. మా బావ, అంటే మా అక్క పెనిమిటి, గోదావరిఖని దవాఖానలో పోయాడని పోయిన నెల ఓ పొద్దున్నే ఫోన్ వచ్చింది. ఏడ్చాం, దినాలు చేశాం, అంతటితో సరి అనుకున్నాను. కానీ మా కాలనీ పెద్దమనుషులు చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టారు: ‘నల్లపులిని తరిమిన వీరునికి జోహార్లు’. బావ తన జన్మలో దేన్నీ తరమలేదు. వాకిట్లోకి వచ్చిన మేకను కూడా అక్కే తరిమేది. పైగా ఆయన ఫోటో పక్కన అచ్చేసింది మన చిరుత కాదు, సముద్రాల అవతలి జాగ్వార్. పువ్వులాంటి మచ్చ నడుమ చుక్కలుంటే జాగ్వార్, లేకుంటే మన చిరుత. ఇంతమాత్రం తెలియనివాళ్లను సంతాపం తెలపమని ఎవరు బతిమాలారు?

నేను ల్యాంప్‌రూంలో బొగ్గుగని దీపాలు ఇచ్చి పుచ్చుకుంటూ రిటైరైనవాణ్ణి. బడి చదువు ఐదో తరగతి. మిగతాది పాత పుస్తకాల బండి చలవ. షిఫ్టు దిగినవాళ్లు నా కిటికీ ముందు నిలబడితే అన్ని మొహాలూ ఒకటే నలుపు. గొంతు వింటే తప్ప ఎవరో తెలిసేది కాదు. బావ గొంతు కూడా విప్పేవాడు కాదు, దీపం పెట్టి చెక్కమీద వేలితో రెండుసార్లు తట్టేవాడు. కాసేపటికి స్నానం చేసి అందరూ ఎవరి రంగులో వాళ్లు బయటికొచ్చేవారు. మా ఊళ్లో నలుపంటే సబ్బుకు లొంగేది. దారి తప్పి చెబుతున్నానని అనుకోకండి, ఇది ముందు ముందు పనికొస్తుంది.

కాలు దెబ్బతిన్నాక బావను పైన, ఓపెన్‌కాస్టు గని మట్టిని డంపర్ లారీలు తెచ్చి పోసిన దిబ్బల మీద కాపలా డ్యూటీకి మార్చారు. దిబ్బల మీద తుమ్మలు మొలిచాయి, తుమ్మల్లోకి కుందేళ్లూ పందులూ వచ్చాయి, వాటి వెనక చిరుతలు వచ్చాయి. బావ వాటిని ఏళ్లకేళ్లు చూశాడు, అంతే. చిరుత రంపంతో మొద్దు కోసినట్టు అరుస్తుందనీ, నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి అడుగులో గోరు గుర్తు పడదనీ ఆయన చెబితేనే నాకు తెలిసింది. “మనల్ని సూస్తే మనకన్న దానికే ఎక్కువ ఫికర్,” అనేవాడు.

ఆరేళ్ల కింద, వానలు మొదలయ్యే రోజుల్లో, దిబ్బ మీద నల్లది కనబడింది. ఇక చాయ్ హోటల్ దగ్గర పండితులకు కొదవ లేదు. రిటైరైన ఓవర్‌మన్ ఒకాయన, కూలీల మీద అజమాయిషీ చేసినవాడు, గనిలో తప్ప ఎక్కడా తల వంచనివాడు, తీర్పు చెప్పేశాడు.

“గది చిరుతనే కాదు. ఏరే జాతి. పగవడ్తది, మనుషుల మీదికే వస్తది.”

“జాతి లేదు, ఏం లేదన్నా,” అన్నాడు బావ. “మచ్చల తల్లి ఎంట ఒక నల్ల కూన, ఒక మచ్చల కూన తిరుగుతుంటే నా కండ్లతోని సూసిన. గదే పెరిగింది.”

తల్లిదండ్రులిద్దరి రక్తంలో ఆ నలుపు దాగి ఉంటే మచ్చల జంటకే నల్ల కూన పుడుతుందని నేను పుస్తకం తెచ్చి చదివి వినిపించాను. ఒకాయన ఆ పుస్తకం మీదే చాయ్ గ్లాసు పెట్టుకున్నాడు.

వారం తిరక్కుండా అది ఓ మేకను చంపి, తినగా మిగిలింది చెట్టు కొమ్మ మీదికి ఎక్కించింది. మళ్లీ తినడానికొస్తే చచ్చేలా ఆ మిగిలిన మాంసానికి పురుగుల మందు పూయాలని వీళ్ల తీర్మానం. బావ ఆ కుంటికాలుతోనే వెళ్లి, కర్రతో దాన్ని కిందికి లాగి పాతిపెట్టాడు. “ఇంకో మేక దొరకదా?” అన్నారు వీళ్లు. “ఒక్కసారి సూడుండ్రి. తర్వాత మీ ఇష్టం,” అన్నాడు బావ.

రాత్రంతా వాన కురిసి వెలిసిన పొద్దున అందరినీ దిబ్బ మీదికి తీసుకుపోయాడు. ఓవర్‌మన్ చేతిలో మందు డబ్బా ఉండనే ఉంది. ఎదుటి దిబ్బ మీద, రాతి పలక పైన అది పడుకుని ఉంది. ఏటవాలు ఎండలో నల్లటి ఒంటి మీద ఇంకా నల్లటి మచ్చలు, పట్టుచీరలో నేసిన పువ్వుల్లా తేలాయి. ఓవర్‌మన్ నా దుర్భిణిలోంచి చాలాసేపు చూశాడు.

“మచ్చలున్నయ్‌ర్రా! ఇది చిరుతనే!”

నా ఛాతీ ఉబ్బింది. అంతలోనే ఆయన మళ్లీ అన్నాడు:

“రాత్రి వాన వడ్డది గదా. బొగ్గు కడుక్కపోయి మచ్చలు బయటవడ్డయ్.”

“అవునే! డంపర్ల దుమ్ములనే తిరుగుతది గదా!” అన్నారు మిగతా మేధావులు. నేను నోరు తెరిచాను. బావ తన కర్రతో నా పాదం నొక్కిపెట్టాడు.

“గంతే అన్నా. ఉత్త బొగ్గే,” అన్నాడు. “ఇంకో రెండు వానలు వడితే మంచిగైతది.”

దిగి వస్తూ దారిలో బావను దులిపేశాను. “సిగ్గు లేదా బావా, గంత అబద్ధం ఒప్పుకోనీకి?”

“మామూలు చిరుతనే అని నమ్మిన్రా, లేదా?”

“నమ్మిన్రు గానీ...”

“మందు డబ్బా ఇంటికి వట్కపోయిన్రా, లేదా?”

“పోయిన్రు.”

“ఇంకేందిర బామ్మర్ది? నీ తెలివి దానికేమన్న తిండి వెడ్తదా?”

మూడు నెలలు ఆయనతో మాట్లాడలేదు. నాకు సత్యం ముఖ్యం. ఆయనకు ఆ జంతువు ముఖ్యం. రెండూ ఒకటేనని అప్పుడు అనుకునేవాణ్ణి. ఇవన్నీ ఇప్పుడు బయటపెడితే కాలనీవాళ్లు చదువుతారేమోనన్న భయం నాకు లేదు. వాళ్లు ఫ్లెక్సీలు దాటి చదవరు.

బావ పదకొండో రోజు భోజనాల్లో ఓ డంపర్ డ్రైవర్ నా పక్కన కూర్చున్నాడు.

“కాకా, కొత్త దిబ్బ మీద మళ్ల నల్లది తిరుగుతున్నది. మావోళ్లు మందు వెడ్దామంటున్నరు. గది బొగ్గేనా, నిజంగ ఏరే జాతా?”

ఆరేళ్లుగా ఎవరైనా ఇలా అడగాలని చూస్తున్నాను. తల్లి రక్తం, తండ్రి రక్తం, అంతా నాలిక చివరిదాకా వచ్చింది.

“బొగ్గే,” అన్నాను. “వాన వడితే పోతది.”

అతను తలూపి, ఇంకొంచెం పప్పు వేయించుకున్నాడు.