ఒక్కపొద్దు అని చెప్పిన శనివారం

ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర స్కూటీ ఆపి కాళ్లు కింద ఆనించాను. ఆ తర్వాత నాకు గుర్తున్నది చేతి మీద గోళ్లు గుచ్చుకోవడమే. ముందు నిలబడ్డ ఐదేళ్ల కొడుకు నన్ను గిచ్చుతూ అరుస్తున్నాడు. "మమ్మీ, గ్రీన్ పడ్డది! లే!" వెనక బస్సు హారన్ ఆపడం లేదు. వెనక కూర్చున్న కూతురు నా నడుము గట్టిగా పట్టుకుంది. పట్టపగలు, పిల్లలిద్దరినీ బండి మీద పెట్టుకుని నేను నిద్రపోయాను.

అప్పటిదాకా నా బరువంటే నాకు సిగ్గు మాత్రమే. భయం అక్కడ మొదలైంది.

బరువు వల్ల నిద్రలో నా ఊపిరి ఆగి ఆగి వస్తోందని, పగలు కన్ను మూతపడేది అందుకేనని డాక్టర్ చెప్పింది. నడకలు, జొన్నరొట్టెలు, డబ్బాల్లో పొడులు అన్నీ అయిపోయాయి. ఇక పొట్ట చిన్నది చేసే ఆపరేషనే అంది. దానికి ముందు రక్తం, గుండె, ఊపిరి పరీక్షలు. చివరగా నోట్లోంచి గొట్టం వేసి కడుపు లోపల చూడాలి.

ఇంట్లో మా ఆయనకు ఒక్కడికే తెలుసు. "అమ్మకు చెప్పకు, లొల్లి చేస్తది" అన్నాడు. నిజమే. పక్కింటి వాళ్లమ్మాయికి ఇదే ఆపరేషన్ జరిగిందని విన్న రోజు అత్తమ్మ అన్న మాట నేను మర్చిపోలేదు. "నోరు కట్టుకోవాలె గని, కడుపు కోపిచ్చుకుంటరా ఎవరన్న?"

గొట్టం పరీక్ష ఒకసారి నాకు జ్వరం వచ్చి వాయిదా పడింది. రెండోసారి శనివారం ఇచ్చారు. రాత్రి నుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు. పొద్దున అత్తమ్మ ఉప్మా గిన్నె దించుతుంటే, ఏం చెప్పాలో తెలియక "ఇయ్యాల ఒక్కపొద్దున్న అత్తమ్మా" అనేశాను. ఒక్క పూటే అన్నం తినే ఆ ఉపవాసం ఆమె పెళ్లయినప్పటి నుంచి ప్రతి శనివారం ఉంటోంది. ఆమె ముఖం వెలిగిపోయింది. కాసేపటికి దేవుని ముందు పెట్టిన పాలలో బెల్లం కలిపి, తులసాకు వేసి తెచ్చింది.

"వద్దత్తమ్మా."

"ఒక్కపొద్దుకు పాలు నడుస్తయే. నాకెరుక లేదా? దేవునికి జూపినయి, వద్దనొద్దు. ఇన్నేండ్లకు బుద్ధి పుట్టింది నీకు, తాగు బిడ్డా."

గ్లాసు ఖాళీ అయ్యేదాకా నా ముందే నిలబడింది. తాగాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగి దవాఖానకు నడుస్తూ, గ్లాసెడు పాలే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఇంకోసారి వాయిదా పడితే మళ్లీ వచ్చే ధైర్యం నాలో మిగలదు. కౌంటర్‌లో అడిగితే ఏమీ తీసుకోలేదన్నాను. కాగితం మీద సంతకం కూడా పెట్టాను. మంచం మీద పడుకోబెట్టి, చేతికి సూది పెట్టాక నర్సు మళ్లీ అడిగింది.

"ఏమీ తాగలేదు కదండీ? మత్తు ఇస్తున్నాం, నిజం చెప్పండి."

నాలుక మీద ఇంకా బెల్లం తీపి ఉంది.

"పాలు తాగాను."

ఆమె సిరంజి ట్రేలో పెట్టేసింది. "చదువుకున్నవారే కదండీ! మత్తులో ఆ పాలు పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే? అసలే మీకు నిద్రలో ఊపిరాడదని రాసుంది ఇక్కడ. పిల్లలున్నారా?"

"ఇద్దరు."

"మరి?"

పరీక్ష ఆపేశారు. సోమవారం రమ్మన్నారు. మెట్లు దిగలేక మధ్యలో కూర్చుని, దుపట్టా నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

సాయంత్రం అత్తమ్మకు మొత్తం చెప్పేశాను. అరుస్తుందనుకున్నాను. నా భుజం మీద గట్టిగా ఒకటి వేసింది. "నా చేతులతోని పాలు తాపి సంపుకుందును గదనే! నోరు లేదా నీకు?" అని లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది. ఆపరేషన్‌కు ఒప్పుకుందో లేదో ఇప్పటికీ తెలియదు. రేపే ఆ పరీక్ష. నిద్రపోవాలంటే భయమేసి కూర్చుని ఇది రాస్తున్నాను.

ఈ పొద్దున పిల్లలను పక్కన కూర్చోబెట్టుకున్నాను. రేపు దవాఖానలో నా నోట్లోంచి గొట్టం వేస్తారని, అంతా బాగుంటే తర్వాత పెద్ద ఆపరేషన్ ఉంటుందని చెప్పాను.

"నొప్పి లేస్తదా మమ్మీ?" అన్నాడు కొడుకు.

"లేస్తది."

"మరి చేపిచ్చుకోకుంటే?" అంది కూతురు.

ఏం కాదని చెప్పబోయి ఆగాను.

"చేపిచ్చుకోకుంటే, మీరు పెద్దగయ్యేదాంక నేను ఉంటనో ఉండనో అని భయమైతుంది బిడ్డా. అందుకే పోతున్న."