కొండ దాటాక

బస్సెక్కితే పక్కవాళ్ల ముఖంలోకి చూస్తానని మా ఆవిడ ఇప్పటికీ విసుక్కుంటుంది. ఆ అలవాటు పంతొమ్మిది వందల అరవైల చివర్లో వచ్చింది.

విజయనగరం నుంచి శ్రీకాకుళం వెళుతున్నాను. నెల్లిమర్ల దాటేసరికే కడుపులో తిప్పి, తల కిటికీలోంచి బయట పెట్టాను. పక్కన కూర్చున్న ముసలి జాలరి మొరటు చేత్తో నా గడ్డం పట్టుకుని, ముఖాన్ని దూరంగా ఉన్న రామతీర్థం కొండ వైపు తిప్పాడు.

"దగ్గర సెట్లు సూడకు బావూ. కదలందాన్ని సూడు."

పరాయివాడు గడ్డం పట్టుకుంటే కోపం రావాలి. కానీ కడుపులో తిప్పడం నిజంగానే తగ్గింది.

"ఎక్కడ నేర్చావు తాతా?"

"రంగూన్లో. వయసులో నేస్తాలం అయిదుగురం ఆ దేశం పోయి సేపల ఏటకెళ్లినాం. మొదటి రోజు పడవలో నేనొక్కడినే కక్కినాను."

"నడిసముద్రంలో కొండెక్కడిది?"

"కొండ నేదు. నేస్తాల మొకాలు సూసినాను. నన్ను సూసి నలుగురూ ఒకటే నవ్వు. నాకూ నవ్వొచ్చీసినాది. ఇంకేటి, కడుపు కుదురుకున్నాది."

కాసేపటికి కొండ వెనకబడిపోయింది. మళ్లీ తిప్పడం మొదలైంది. ఏం చేయాలో తోచక అతని ముఖం వైపు చూశాను.

అతను అప్పటికే నవ్వుతున్నాడు.