రోస్విత ఒప్పుకోని వాక్యం

రోస్విత డోర్ఫెల్‌కు ముక్కు మీదే కోపమని మా వాకిట్లో అందరూ అంటారు. నాకు తెలిసి అది అబద్ధం. ఆమె అరవదు, వస్తువులు విసరదు. కోపం వస్తే చేతిలో ఉన్న సోల్డరింగ్ కడ్డీని స్టాండులో పెట్టి, కళ్ళజోడు తీసి, "మళ్ళీ చెప్పండి" అంటుంది. అది విన్నాక ముందన్న మాటను మళ్ళీ అనే ధైర్యం ఎవరికీ ఉండదు. ఇన్నేళ్ళలో ల్యూడెకె ఒక్కడే అన్నాడు. అతను అన్నదేమిటో, దానికి ఆమె ఏం చేసిందో చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

నా పేరు మార్లీస్. బెర్లిన్ నోయ్‌కోల్న్‌లో, వీధి గుమ్మంలోంచి రెండు వాకిళ్ళు దాటి లోపలికొస్తే రోస్విత వర్క్‌షాపు, దాని పక్క గదిలో నా చెక్కుడు యంత్రం. కరెంటుతో స్వరాలు పలికించే సింథసైజర్ల ప్యానెళ్ళ మీద అక్షరాలూ గీతలూ చెక్కడం నా వృత్తి. యంత్రం లోపల ఏముందో నాకు తెలియదు గానీ, చేసినవాడి బుద్ధి మాత్రం ప్యానెల్ చూడగానే తెలిసిపోతుంది. రెండు మీటల మధ్య వేలు పట్టే చోటు వదలని మహానుభావులు ఈ ఊళ్ళో చాలామంది ఉన్నారు. రోస్విత గీసిన బొమ్మలో మాత్రం చెయ్యి ఎక్కడికి పోవాలనిపిస్తుందో అక్కడే మీట ఉంటుంది.

ఆమెది అప్పటి తూర్పు జర్మనీలో, చెక్ సరిహద్దు కొండల్లోని క్లింగెంతాల్. అక్కడ ఇంటికొకరు, మెడకు తగిలించుకుని వాయించే హార్మోనియం లాంటి అకార్డియన్ల పనిలో ఉంటారు. వాళ్ళ నాన్న రీడ్లకు శ్రుతి సరిచేసేవాడు. వంటింటి బల్ల మీద సన్నటి ఉక్కు నాలుకను ఆకురాయితో రాకి, గాలి పెట్టి విని, మళ్ళీ రాకేవాడట. ఒకే స్వరానికి రెండు రీడ్లు పెట్టి, ఒకదాన్ని వెంట్రుకవాసి పైకి జరిపితే రెండూ కలిసి సన్నగా వణుకుతాయి. అకార్డియన్ ప్రాణమంతా ఆ వణుకులోనే ఉంది. పై స్వరాలకు పోయేకొద్దీ వణుకు వేగం పెరిగి గోల అయిపోతుంది కాబట్టి, ఒక్కో రీడునూ విడిగా విని లొంగదీయాలి. రోస్విత ఇంజినీరింగ్ చదివి, అదే ఊళ్ళో ఎలక్ట్రానిక్ ఆర్గన్లు చేసే కర్మాగారంలో డిజైన్ విభాగంలో చేరి, ఆ వణుకును కరెంటులో పట్టి తీరాలని పంతం పట్టింది. ఈలోగా బెర్లిన్ గోడ కూలింది, రెండు జర్మనీలూ ఒకటయ్యాయి, పశ్చిమం నుంచి పెద్దమనుషులు వచ్చి కర్మాగారానికి తాళం వేశారు. ఆమె గీసిన బొమ్మలన్నీ చెత్తలోకి పోయాయి.

"పోనీలేవే, తలలో ఉన్నవి పారెయ్యలేకపోయారుగా" అనేది ఎప్పుడైనా ఆ సంగతి ఎత్తితే. అంతకు మించి ఒక్క మాట చెప్పేది కాదు. నేనూ గుచ్చి గుచ్చి అడగలేదు.

బెర్లిన్ వచ్చి కొన్నాళ్ళు టీవీలు బాగుచేసింది, కొన్నాళ్ళు లిఫ్టులు బాగుచేసింది. చివరికి డెట్లెఫ్‌తో కలిసి ఈ వర్క్‌షాపు పెట్టింది. డెట్లెఫ్ సర్క్యూట్ బోర్డుల పనిలో మొనగాడు, మనసు మంచిది, నోటికి మాత్రం తలుపు లేదు. ఇద్దరూ ఏళ్ళ తరబడి కుస్తీ పట్టి చేసిన సింథసైజర్‌కు రోస్విత తన ఊరి కొండ పేరు పెట్టుకుంది. ఆష్‌బెర్గ్. దాని మీద కింది స్వరం నొక్కినా, పై స్వరం నొక్కినా ఆ వణుకు ఒకే తీరుగా, ఊపిరి తీసినట్టు వస్తుంది. మొదటిసారి గోడ అవతల నుంచి అది వినిపించినప్పుడు నేను చెక్కుతున్న ప్యానెల్ పాడుచేసుకున్నాను.

శుక్రవారం సాయంత్రం పని ముగించి బీరు సీసాలు తెరిస్తే చాలు, వాళ్ళిద్దరి మధ్య ఒకటే వాదన.

"సింథసైజర్ల డిజైన్‌లో ప్రపంచానికి మనమే ముందు. కాదంటావా?" అనేవాడు డెట్లెఫ్. "విడివిడి ముక్కలు కొనుక్కొచ్చి ఎవడికి నచ్చినట్టు వాడు ఒకే పెట్టెలో బిగించుకుంటున్నాడే, ఆ కొలత ఎవడిచ్చాడు? మనోడు. అలల్ని అంకెలుగా మార్చి వరసపెట్టి పలికించింది ఎవడు? మళ్ళీ మనోడే!"

"ఒక వోల్టు పెంచితే స్వరం సరిగ్గా రెట్టింపు ఎత్తుకు పోవాలన్న లెక్క ఎవడిది?"

"అమెరికా వాడిది. అయితే ఏంటట?"

"వాటిని మామూలు మనిషి కొనుక్కునేట్టు చేసిందెవరు?"

"జపాన్ వాళ్ళు. చౌకగా చెయ్యడం కూడా ఒక గొప్పేనా?"

"చేసి చూడు, తెలుస్తుంది. నీ ముందున్న చిప్పు మీద ఏ దేశం పేరుందో చదివి, అప్పుడు చెప్పు ముందెవరో వెనకెవరో."

"నీకసలు దేశాభిమానం లేదే రోస్విత!"

"ఏ దేశం మీదరా? నాకు రెండున్నాయి."

డెట్లెఫ్ ఆ మాటకు ప్రతిసారీ నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. ఆమె ఎగతాళికి అంటోందనే అనుకున్నాం.

ఆ వసంతంలో బెర్లిన్‌లో సింథసైజర్ల ప్రదర్శన జరిగింది. ఆష్‌బెర్గ్ అప్పటికి ఒక్కటే ఉంది. దాన్ని పెద్ద వ్యాపారి ఎవరైనా తీసుకుని దేశదేశాల అంగళ్ళకు పంపితే తప్ప రెండోది చేసే స్తోమత వాళ్ళకు లేదు. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు, ఎవరం పైకి అనలేదు.

మొదటి రోజే ఫ్రేజర్ అనే కెనడా వాద్యగాడు దాని ముందు కూర్చుని ఇక లేవలేదు. సాయంత్రం వేదిక మీద తన బృందంతో దీన్నే వాయిస్తానన్నాడు. పాట ఏ శ్రుతిలో అని రోస్విత అడిగితే "బి" అన్నాడు. ఆమె శ్రుతి మీటను బి మీదికి తిప్పి దిగివచ్చింది.

ఇక్కడే కొంప మునిగింది. లోకమంతా బి అనే స్వరాన్ని మేం హెచ్ అక్షరంతో రాస్తాం, "హా" అని పలుకుతాం. మాకు బి అంటే దానికి అరస్వరం కిందిది. పుట్టినప్పటి నుంచీ అంతే, ఎందుకని ఎవరం అడగం. కాబట్టి బృందమంతా ఒక శ్రుతిలో మొదలుపెడితే మా ఆష్‌బెర్గ్ అరమెట్టు కింద నుంచి బావురుమంది. అంత చక్కటి వణుకు కాస్తా పంటినొప్పి మూలుగైపోయింది. హాల్లో ఉన్న జర్మన్లకు ముందు అర్థమై, తలో పక్క నుంచీ "హా! హా!" అని అరవడం మొదలుపెట్టారు. తిప్పమని చెబుతున్నారని తెలియని విదేశీయులు, అందరూ నవ్వుతున్నారనుకుని వాళ్ళూ పగలబడి నవ్వారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

రోస్విత నెమ్మదిగా వేదిక ఎక్కి, మీటను ఒక్క గడి తిప్పి, మైకు అందుకుంది. "తప్పు నాది. ఎవరి బి అని అడగాల్సింది, అడగలేదు" అని దిగిపోయింది. రెండోసారి పాట మొదలయ్యాక ఎవరూ నవ్వలేదు.

ఇంటికొచ్చిన మర్నాడే ఆమె నా గదిలోకి వచ్చింది.

"మార్లీస్, కొత్త ప్యానెల్ చెక్కాలే. హా తీసెయ్. అందరూ రాసుకున్నట్టే మనమూ రాద్దాం."

నేను ఒంటికాలి మీద లేచాను. "తీసెయ్యడమేంటి? మీ నాన్న రీడ్ల మీద అచ్చు కొట్టింది ఆ అక్షరమే కదే! నలుగురు నవ్వారని భయపడ్డావా?"

"భయమెందుకు? మా నాన్న హా అని కొట్టాడంటే, దాన్ని బిగించేవాడు హా అనే చదువుతాడు కాబట్టి. ఇది ఫ్రేజర్ చదవాలి. వాయించేవాడికి పనికిరాని అక్షరాన్ని అక్కడ ఉంచి నేనేం చేసుకోను?"

సణుక్కుంటూనే చెక్కాను. అది నాకు నచ్చలేదని ఆమెకు తెలుసు.

వారం తిరక్కుండా ల్యూడెకె వచ్చాడు. హాంబుర్గ్‌లో పెద్ద పంపిణీ సంస్థ అతనిది. మేజోళ్ళు లేకుండా బూట్లు వేసుకుంటాడు, గడప దాటకముందే అందర్నీ నువ్వు అనేస్తాడు. రోస్విత అతన్ని చివరిదాకా మీరు అనే పిలిచింది. మా దగ్గర దాని అర్థం తలుపు పూర్తిగా తెరవలేదని. అతనికి అది తట్టలేదు.

"రోస్విత, అద్భుతం! ఆ రోజు హాల్లో నేనున్నాను. వందల్లో చేద్దాం. టోక్యో నుంచి టొరంటో దాకా నేను చూసుకుంటా."

డెట్లెఫ్ మొహం వెలిగిపోయింది. ఉన్న కుర్చీల్లో మంచిది తెచ్చి వేశాడు. నేను కాఫీ పెట్టాను, పక్క బేకరీ నుంచి గసగసాల కేకు తెచ్చాను. ల్యూడెకె కొత్త ప్యానెల్ చూసి నుదురు ముడిచాడు.

"ఇదేంటి? హా ఏదీ?"

"తీసేశానండీ. వాయించేవాళ్ళు తడబడుతున్నారు."

"తడబడనీ! అదే కదా మన సరుకు! లోకమంతా ఒక దారి, జర్మన్‌ది ఒక దారి. ఆ అక్షరాన్ని ఎర్రగా, ఇంత పెద్దగా వేద్దాం. కొనేవాడికి అర్థం కాకపోతేనే గొప్పది అనుకుంటాడు." అంటూ చంకలోని గొట్టంలోంచి పోస్టరు తీసి బల్ల మీద పరిచాడు. వేదిక మీది రోస్విత ఫోటో. ఆమె ఎన్నడూ వేసుకోని తెల్లకోటు ఒకటి కంప్యూటర్లో తొడిగారు. కింద బారెడు అక్షరాలు. అతనే పైకి చదివాడు. "ప్రపంచానికి ముందు జర్మన్ ఇంజినీరే."

రోస్విత కడ్డీని స్టాండులో పెట్టింది. కళ్ళజోడు తీసింది.

"మళ్ళీ చెప్పండి."

డెట్లెఫ్ గోడవైపు తిరిగిపోయాడు. ల్యూడెకె మాత్రం ఆమెకు నచ్చిందనుకుని, ఇంకాస్త గొంతు పెంచి, చెయ్యి ఊపుతూ మళ్ళీ చదివాడు.

"ఈ వాక్యం నాకు కొత్త కాదు ల్యూడెకె గారూ" అంది రోస్విత. "గోడ కూలాక మా కర్మాగారానికి అచ్చం మీలాంటి ఆయనే వచ్చాడు. మా విభాగంలో సగానికి సగం ఆడవాళ్ళం. అందరం ఇంజినీర్లమే. మా బొమ్మలు బల్ల మీద పరిచి నిలబడ్డాం. ఆయన వాటివైపు చూడను కూడా లేదు. 'జర్మన్ ఇంజినీర్లంటే ప్రపంచానికే ముందుంటారమ్మా. మీరిక్కడ చేసుకున్నది వేరే ఏదో' అన్నాడు. అని తాళం వేసుకుని పోయాడు. ఆ రోజు నేను జర్మన్ ఇంజినీర్ని కాదు. ఇవాళ నేనే అంటున్నారు. మధ్యలో నేనేం మారలేదండీ. ఈ సర్క్యూట్ అప్పటిదే."

ఇన్నేళ్ళు పక్క గదిలో ఉండి కూడా నాకు ఆ మాట తెలియదు. నాకు ఒళ్ళు మండిపోయింది, ఆ పోస్టరు చింపేయాలనిపించింది.

"అది పాత గొడవ రోస్విత. దానికీ దీనికీ ఏం సంబంధం?" అన్నాడు ల్యూడెకె, ఈసారి కాస్త తగ్గి. "నేను నిన్ను పొగుడుతున్నాను."

"ఆయన్నీ ఎవరో ఇలాగే పొగిడి ఉంటారు. అందుకే మా బొమ్మలు చూడలేదు. వాక్యం తీసేసి యంత్రాన్ని తీసుకోండి. మంచిదైతే దానంతటదే పలుకుతుంది."

"కుదరదు. నేను అమ్మేది ఆ వాక్యాన్నే. ఒక్క మాట కోసం నీ యంత్రాన్ని నువ్వే చంపుకుంటావా?"

"కాఫీ చల్లారిపోతోంది. తాగి వెళ్ళండి" అంది రోస్విత.

అతను తాగలేదు. వాకిట్లో అతని బూట్ల చప్పుడు పోయేదాకా ఆగి డెట్లెఫ్ ఇటు తిరిగాడు. మొహం ఎర్రగా ఉంది.

"నోటికాడి కూడు తీసేశావు కదే! నీ పంతం నీది, మరి నా బతుకు? ఆ వాక్యంలో అబద్ధమేముంది? మనం గొప్పగా చెయ్యలేదా?"

"చేశాం. నువ్వూ నేనూ చేశాం. అది రాయమను, సంతకం పెడతా."

డెట్లెఫ్ ఆ నెలలోనే చెవి మిషన్లు చేసే కంపెనీలో చేరిపోయాడు. అతను వెళ్ళిన రోజు రోస్విత అతని పనిముట్లన్నీ తుడిచి సర్ది ఇచ్చింది. గుమ్మం దగ్గర ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. నాకు ఏడుపొచ్చింది. అతను తప్పు చేశాడని అనను. ఆమె తప్పు చేసిందని అసలే అనను.

ఆ తర్వాత ఆష్‌బెర్గ్ ఒక్కొక్కటే తయారైంది. మొదటిది ఫ్రేజర్ ముందే డబ్బు కట్టి చేయించుకున్నాడు, అతన్ని చూసి ఇంకో ఇద్దరు అడిగారు. ఈ వయసులో నేను టంకం వేయడం నేర్చుకుని వేళ్ళు కాల్చుకున్నాను. "నీ చెక్కుడు చక్కగా ఉంటుంది గానీ, నీ టంకం పిట్ట రెట్టలా ఉందే" అనేది రోస్విత, మళ్ళీ విప్పి వేస్తూ. అద్దె కోసం ఆమె వారంలో సగం రోజులు మళ్ళీ లిఫ్టుల పనికి పోయింది.

మరుసటి వసంతం ప్రదర్శనకు మళ్ళీ వెళ్ళాం. ల్యూడెకె దక్షిణ జర్మనీ నుంచి ఇంకెవరిదో సింథసైజర్ పట్టుకొచ్చాడు. గోడ మొత్తం అదే వాక్యం, కింద తెల్లకోటులో ఎవరో మగాయన. ప్రదర్శన వాళ్ళు మామీద జాలిపడి కాఫీ అమ్మేచోటు పక్కన మంచి మూల ఇస్తామన్నారు. రోస్విత వద్దని, సరిగ్గా ఆ గోడకు ఎదురుగా ఉన్న బల్ల అడిగి తీసుకుంది. నడవాలో గాలి కొడుతుంది, జనం తోసుకుంటారు, ఎవరూ కోరని చోటు అది. అక్కడ ఆష్‌బెర్గ్ పెట్టి, పొద్దుటి నుంచి వచ్చినవాళ్ళకల్లా కుర్చీ జరిపి వాయించుకోమంది.

మధ్యాహ్నం ఒక రేడియో ఆయన మైకు పట్టుకుని వచ్చాడు. కాసేపు విన్నాడు, కళ్ళు మూసుకుని ఇంకాసేపు విన్నాడు. తర్వాత ఎదుటి గోడ చూశాడు, మా బల్ల చూశాడు.

"అదేంటండీ, మీరూ జర్మన్ ఇంజినీరే కదా, ఆ మాట మీకూ వర్తిస్తుందిగా?" అన్నాడు.

"అవును. అందుకే ఎదురుగా కూర్చున్నాను" అంది రోస్విత.