రెండో కంచం

మా మేనత్త పోయిన మర్నాడు పత్రికలో చిన్న వార్త వేశారు. ఒక ప్రసిద్ధ నవలలోని నాయికకు మూలమైన ఆ మహా ఇల్లాలు, వెళ్లిపోయిన భర్త కోసం చివరిదాకా ఎదురుచూస్తూనే కన్నుమూసిందట. చదివి నా ఒళ్లు మండిపోయింది. ఆ రాసినవాడు ఒక్కసారి ఇంటిదాకా వచ్చి ఉంటే, మంచం పక్కన ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్న మనిషి కనిపించేవాడు. వాడు రాలేదు. నవల చదివి వార్త రాసేశాడు. ఆ నవల రాసింది మా నాన్న కాబట్టి అసలు సంగతి చెప్పాల్సిన పూచీ నా మీద పడింది.

అత్త దర్జీ. వీధి మలుపులో, మెట్ల కింద ఇరుకు గదిలో ఆమె కుట్టుమిషను. వెనక వంటగది, అందులో ఒక బల్ల. ఎవరికి ఏది కుట్టినా లోపల కుట్టు పక్కన కాస్త గుడ్డ వదిలేది.

“మనిషి ఎప్పుడూ ఒకే కొలతలో ఉంటాడేంటే? రేపు ఒళ్లొస్తే విప్పుకోవద్దూ?” అనేది నాతో. గుడ్డ ఆదా చేశామని గొప్పలు చెప్పుకునే దర్జీలంటే ఆమెకు చిరాకు.

పెళ్లైన కొన్నాళ్లకే ఆమె భర్త పని వెతుక్కుంటానని వెళ్లాడు. ఆ వెళ్లడం వెళ్లడమే, మళ్లీ అజాపజా లేదు. అత్త వెతికింది, ఏడ్చింది, తిట్టింది, చివరికి మిషను ముందు కూర్చుంది. అప్పటికి మా నాన్న గుమాస్తా పని ఊడిపోయి, పత్రికలకు కథలు పంపి, అవి తిరిగొస్తుంటే మళ్లీ పంపుతున్నాడు. ఇంట్లో అమ్మ చీవాట్లు పడలేక దీపాలు పెట్టే వేళకల్లా అక్క ఇంటికి చేరేవాడు. అందుకని అత్త రోజూ బల్ల మీద రెండు కంచాలు పెట్టేది. ఒకటి తనకి, ఒకటి తమ్ముడికి.

నాన్న నవలలో ఆ రెండో కంచం భర్తదైపోయింది. నాయిక ప్రతి సాయంత్రం అతని కోసం కంచం పెట్టి గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటుంది. ఆఖరి భాగంలో ఆ కంచం ముందే ప్రాణం విడుస్తుంది. వారపత్రికలో అది వచ్చినంత కాలం జనం వెక్కివెక్కి ఏడ్చారు. నాన్న చెయ్యి తిరిగిన రచయిత, అందులో అనుమానం లేదు. అత్త ఇంట్లో ఆయన తిన్న కంచం ఎన్నోసార్లు కడిగిన నేను కూడా ఏడ్చాను.

ఆ నాయిక ఎవరో తెలిశాక ఆడవాళ్లు కొలతలిచ్చే నెపంతో అత్త దగ్గరికి వచ్చి, “ఆ కంచం ఒక్కసారి చూపించరూ?” అని అడిగేవారు. తమ్ముడికి పేరొస్తోంది కదా అని అత్త నోరు మెదపలేదు. పేరొచ్చినా తమ్ముడు అక్కడ తినడం మాత్రం మానలేదు.

తర్వాత కొన్నేళ్లకు మిషన్లు బాగుచేసే మెకానిక్ ఒకాయన రావడం మొదలుపెట్టాడు. భార్య పోయిన మనిషి. మిషను శుభ్రంగా తిరుగుతున్నా వచ్చి నూనె వేసి వెళ్లేవాడు.

“ఇంకొంచెం వెయ్యండి, ఈదుకుంటూ పోతుంది,” అని అత్త ఆటపట్టించేది.

ఒక మధ్యాహ్నం ఆయన పెళ్లి మాట ఎత్తాడు. మొదటి పెళ్లిని కోర్టు ఎప్పుడో రద్దు చేసింది. అత్తకి ఇష్టమే. ఆ ఇష్టం ఆమె మొహంలో చూసి నాకు కడుపు నిండిపోయింది.

మాట బయటికి పొక్కగానే వీధి వీధంతా మొహం ముడుచుకుంది. “మీరు కూడానా అమ్మా!” అంటూ ఒకావిడ సగం కుట్టిన బట్ట వెనక్కి తీసుకుపోయింది. ఇంకొకావిడ సొంత మనిషి పోయినట్టు కళ్లనీళ్లు పెట్టుకుంది. మెకానిక్ మెత్తని మనిషి. “నా వల్ల నీకు మాట రావడం నాకిష్టం లేదు. వద్దంటే ఇక రాను,” అన్నాడు.

అత్త తిన్నగా మా ఇంటికొచ్చింది. నాన్న రాసుకుంటున్నాడు.

“ఒక్క మాట చెప్పరా. ఆ కంచం నీదని చెప్పు. నేనెవరి కోసమూ కూర్చోలేదని చెప్పు. నువ్వు చెబితే నమ్ముతారు.”

“అక్కా, ఇప్పుడా మాటంటే చదివినవాళ్లేమైపోతారు?”

“మరి నేనేమైపోవాలి?”

నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“ఊళ్లోవాళ్లందరికీ లోపల గుడ్డ వదిలి కుడతాను నేను. నన్ను కుట్టేటప్పుడు నువ్వు వదల్లేదేంరా?”

“సభలో చెబుతాలే,” అన్నాడు నాన్న, ఆమె వైపు చూడకుండా.

నవల కొత్త ముద్రణకు గ్రంథాలయం హాల్లో సభ పెట్టారు. నాన్న చాలాసేపు మాట్లాడాడు. త్యాగం గురించి చెప్పాడు, నిరీక్షణ గురించి చెప్పాడు, కంచం సంగతి మాత్రం చెప్పలేదు. అప్పుడు అత్తని వేదిక మీదికి పిలిచారు. ఆమె మైకు దగ్గరికి వెళ్లి, “ఆ రెండో కంచంలో తిన్నది వీడే. రోజూ తిన్నాడు. ఒక్కనాడూ కడగలేదు,” అంది.

హాలంతా గొల్లున నవ్వింది. అక్కగారు భలే చమత్కారి అనుకున్నారు. అత్త నాన్న వైపు తిరిగింది. ఆయన అవునని తలూపితే చాలు. నాన్న కూడా వాళ్లతో కలిసి నవ్వాడు. ఆ నవ్వుని నేనింతవరకూ క్షమించలేదు. చివరి వరసలోంచి మెకానిక్ లేచి వెళ్లిపోవడం చూసి అత్త వేదిక దిగి ఆయన వెనకే వెళ్లింది.

మర్నాడు సాయంత్రం నాన్న ఏమీ జరగనట్టే అక్క ఇంటికి బయల్దేరాడు. నేనూ వెంట వెళ్లాను. వంటగదిలో బల్ల మీద ఎప్పటిలాగే రెండు కంచాలున్నాయి. ఒకదాని ముందు అత్త, రెండోదాని ముందు మెకానిక్. నాన్న గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఇంట్లో ఉన్నవి రెండే కంచాలురా. ఇంటికెళ్లి తిను,” అంది అత్త. గొంతులో కోపం లేదు.

ఆ తర్వాత చాలామంది బట్టలు వేరేచోట కుట్టించుకున్నారు. వాళ్లిద్దరూ ఉన్నదాంతో సర్దుకుని బతికారు. నేను మామయ్యా అని పిలిచింది ఆయన్నే, మంచం పక్కన కూర్చున్నదీ ఆయనే.

 అత్త గుమ్మంలోంచి వెనక్కి తిరిగిన ఆ సాయంత్రం నాన్న ఇంటికొచ్చి, భోజనం పెట్టమని అమ్మని మెల్లగా అడిగాడు. తినడం అయ్యాక లేచి, తన కంచం తనే కడిగి బోర్లించాడు.