క్లేవుజా పక్కన ఖాళీ

సావో జొజే పట్టణంలోని విమానాల కర్మాగారంలో రేకుల్ని కలిపే రివెట్లు కొట్టడం ఇద్దరి పని. రేకుకి ఇవతల ఒకరు రివెట్లు దిగ్గొట్టే తుపాకీతో కొడతారు, అవతల ఒకరు ఇనుప దిమ్మ ఆనిస్తారు. ముఖాలు కనపడవు. దిమ్మ పట్టినామె రేకు మీద ఒకసారి తడితే ఇంకా కొట్టమని, రెండుసార్లు తడితే చాలని. ఇరవై ఏళ్ల పైచిలుకు జనీరా కొట్టింది, క్లేవుజా ఆనించింది. కట్టుకున్న మొగుళ్లతో కూడా వాళ్లకి అంత మాట కలవలేదు.

విమానం లోపలి గోడ మూసేముందు, దాని వెనక దాగిపోయే రేకు మీద, జంటగా పనిచేసిన ఇద్దరూ తమ పేర్లు పక్కపక్కన రాసుకోవడం అక్కడి ఆచారం. పూర్వం కోటలు కట్టిన రాతిపనివాళ్లూ అంతే, గోడలోకి పోయే రాతి ముఖానే గుర్తు చెక్కేవారు. రాజుగారి శాసనం గుమ్మం మీద, కూలివాడి సంతకం చీకట్లో! అయితే ఇక్కడ ఒంటి పేరు ఎవరూ రాయరు. రాస్తే పని సగంలో ఆగిందని లెక్క.

ఆ రకం విమానం ఇక చెయ్యబోమన్నారు. సగంమందిని ముందే ఇళ్లకి పంపేశారు, క్లేవుజాతో సహా. "ఆఖరి విమానానికి అందర్నీ పిలుస్తాం, పేర్లు రాద్దురుగాని" అని మేస్త్రీ వల్దెసీర్ మాటిచ్చాడు.

ఆ రోజొచ్చింది. పాత యూనిఫాం ఇస్త్రీ చేసుకుని క్లేవుజా గేటు బయట ఎండలో నిలబడింది. లోపల బ్యాంకు పెద్దలు, నగరపాలక సంఘం మనుషులు, విమానం ఆకారంలో ఓ కేకు.

"క్లేవుజాని రానివ్వరటేంటి వల్దెసీర్?" అని లోపలున్న జనీరా మేస్త్రీని నిలదీసింది.

"కార్డు లేనివాళ్లు రాకూడదట తల్లీ. పైవాళ్ల మాట."

"ఈ కోటు బాబులకెవరిచ్చారు కార్డులు? జన్మలో ఒక్క రివెట్టు ముట్టుకున్నారా?"

"గొంతు తగ్గించు, పుణ్యముంటుంది. పోనీ, కేకు తిను."

"నీ నెత్తిన రుద్దుకో!"

అతిథులు ముందుగా ఆ రేకు మీద బారెడేసి సంతకాలు చేశారు. ఫొటోకి పనివాళ్ల తరఫున ఒకరు కావాలని జనీరాని పిలిచారు. ఆమె పెన్ను తీసుకుని పెద్ద అక్షరాలతో 'క్లేవుజా' అని రాసి మూత పెట్టేసింది.

"నీ పేరేనామ్మా?" అన్నాడు కర్మాగారం డైరెక్టరు నవ్వుతూ.

"కాదు. మీరు ఎండలో నిలబెట్టిన మనిషిది. ఆవిడొచ్చి పక్కన నిలబడితే నా పేరూ రాస్తాను."

పనివాళ్లందరూ రేకు దగ్గరికి జరిగి చూశారు. ఒంటి పేరు! డైరెక్టరు మాత్రం "తర్వాత చూద్దాం" అన్నాడు. చూసిందేమీ లేదు. ఎవరూ గేటు తియ్యలేదు, లోపలి గోడ మాత్రం బిగించేశారు.

సాయంత్రం జనీరా బయటికొచ్చి జరిగింది చెప్పింది.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! విమానంలో నన్నొక్కదాన్నే పంపేశావా? బస్సెక్కితేనే కళ్లు తిరిగేదాన్ని!"

జనీరాకి నవ్వు రాలేదు. "నీ పేరు పక్కన, నా పేరుండాల్సిన చోట, ఆ బ్యాంకువాడి సంతకముందే. దాన్ని తలుచుకుంటే ఒళ్లు మండిపోతోంది."

 క్లేవుజా మూసిన రేకు గేటు దగ్గరికెళ్లి, పనిలో తట్టినట్టే వేలి కణుపుతో ఒక్కసారి తట్టింది.

జనీరా చెప్పు విప్పింది. గేటు ధనధనలాడింది. కాపలావాడు "ఎవర్రా అది?" అంటూ పరుగెత్తుకొచ్చాడు. రెండుసార్లు తట్టే ఉద్దేశం క్లేవుజాకి ఉన్నట్టు లేదు.