అట్టపెట్టెలో కమలాపండు

బస్సులో పక్క సీటావిడ కమలాపండు ఒలుస్తోంది. నేనుండే ఈ పరదేశపు ఊరు హామిల్టన్‌లో చలికాలం బస్సు కిటికీలు ఎవరూ తెరవరు. నేను దిగేదాకా ఆ ఘాటైన వాసన నాతోనే ఉంది. దాంతోపాటు మనసులో సరోజినిగారూ ఉన్నారు.

ఆవిడది తెనాలి. ఇక్కడి ఒక ఆస్పత్రి ఆపరేషన్ థియేటర్‌లో నర్సుగా ఎన్నో ఏళ్లు పనిచేశారు. నేను హైదరాబాద్‌లో దినపత్రిక ఉద్యోగం వదిలి వచ్చినవాణ్ని. కాలేజీలకు తెలుగు పిల్లలు విమానాల నిండా దిగుతున్న ఆ ఏళ్లలో వాళ్లకోసం ఒక చిన్న మాసపత్రిక నడిపేవాణ్ని. అద్దె గదులు, పార్ట్‌టైమ్ ఉద్యోగాలు, వర్క్ పర్మిట్లు, ఇవే వార్తలు. ఒక నెల మార్పు కోసమని, గాల్‌బ్లాడర్, అంటే పిత్తాశయం, తీసే రోబో గురించి మొదటి పేజీలో రాశాను. ‘చేయి వణకని సర్జన్’ అని శీర్షిక పెట్టాను. యంత్రం అమ్మేవాళ్ల కరపత్రం చూసి రాసిందే తప్ప ఒక్క డాక్టర్నీ అడగలేదు.

సరోజినిగారి బేస్‌మెంట్‌లో అద్దెకుండే లావణ్య అది చదివింది. నల్గొండ పిల్ల. గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయి, చిన్న చిల్లులతో చేసే లాపరోస్కోపీ ఆపరేషన్‌కు తేదీ కూడా ఇచ్చారు. రోబో ఉన్నచోటే చేయించుకుంటానని ఆ తేదీ వదులుకుంది.

ఆ ఆదివారం సరోజినిగారు నన్ను పిలిపించి, మా ఇద్దర్నీ వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఒక అట్టపెట్టెలో కమలాపండు పెట్టి, పక్కన టార్చి, వీడియో కాల్‌లో ఉన్న ఫోను అమర్చి మూత వేశారు. లోపలి బొమ్మ లావణ్య ఫోనులో కనిపిస్తోంది. పెట్టెకు రెండు చిల్లులు పొడిచి, నా చేతికి పొడుగాటి పట్టకార్లు ఇచ్చారు.

“ఒలవండి, రిపోర్టరు గారూ.”

పావుగంటలో పండు పచ్చడైంది.

“అంకుల్, గా పండు నా గాల్‌బ్లాడర్ అయితే నా గతేంది!” అని లావణ్య పగలబడి నవ్వింది.

“లాపరోస్కోపీ అంటే ఇదేనమ్మా,” అన్నారు సరోజినిగారు. “రోబో అయితే ఈ పట్టకార్లకు మణికట్టు వస్తుంది, బొమ్మలో లోతు తెలుస్తుంది. కానీ దానంతట అది ఒలవదు. సర్జనే కాస్త దూరంలో కూర్చుని ఆడించాలి. చిల్లులు అప్పుడూ పొడవాల్సిందే. కొన్ని చిక్కు ఆపరేషన్లకు మేలేమో గానీ, నీలాంటి మామూలు గాల్‌బ్లాడర్‌కు రెండూ ఇంచుమించు ఒకటే. రోజూ ఆ పని చేసే చెయ్యి దొరికిందా లేదా అన్నదే చూసుకోవాలి.”

“మరి పేపర్ల అట్లెందుకు రాసిన్రు?”

“ఎదురుగానే ఉన్నారుగా, ఆయన్నే అడుగు.”

నేను పట్టకార్లు బల్లమీద పెట్టేశాను.

మర్నాడే లావణ్య ఆస్పత్రికి ఫోన్ చేసింది. కొత్త తేదీ రెండు నెలల తర్వాత ఇచ్చారు. అన్నాళ్లు గడవలేదు. మూడోవారం క్లాసులో నొప్పితో కూలబడితే అంబులెన్స్‌లో తీసుకెళ్లారు. అప్పటికే చీము పట్టింది. లాపరోస్కోపీతోనే మొదలుపెట్టారు గానీ, లోపలంతా అతుక్కుపోయి ఉండటంతో పొట్ట కోయక తప్పలేదు. ప్రాణం దక్కింది. నాలుగు చిన్న చిల్లులతో పోవలసినది జానెడు గాటైంది. ఆ టర్మ్ చదువు పోయింది.

నేను సవరణ రాసి సరోజినిగారికి చూపించాను. పత్రికల ఆనవాయితీ ప్రకారం లోపలి పేజీలో, అడుగున, నాలుగు లైన్లు.

“తప్పు ముంగిట్లో చేసి క్షమాపణ పెరట్లో చెప్తారా?” అని కాగితం తిరిగి ఇచ్చేశారు.

మొదటి పేజీలోనే, అంతే పెద్ద అక్షరాలతో వేశాను. ‘ఎవరినీ అడగకుండా రాశాను’ అనే వాక్యం నా ఉద్యోగ జీవితంలో అంతకుముందెప్పుడూ రాయలేదు. లావణ్య మంచంమీద పడుకునే అది చదివింది.

“మంచిగ రాసిన్రు అంకుల్. గిదే ముందుగాల రాస్తే అయిపోతుండె,” అంది. ఆ గొంతులో కోపం లేదు.

సరోజినిగారు ఇప్పుడు లేరు. పత్రిక మాత్రం నడుస్తోంది. ఏ వార్తయినా అచ్చుకు పంపేముందు, ఇది చదివి ఎవరు దేన్ని వదులుకుంటారు అని ఒకసారి ఆలోచిస్తాను. తేల్చుకోలేకపోతే ఆ వార్త తీసేస్తాను. ఆ చోటు తెల్లగానే అచ్చవుతుంది. ఎందుకని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.