గమ్మునుంటే చెయ్యాడదు

గుంతకల్లు వీరేష్‌కి గోల్ఫ్ ఆటే బతుకుతెరువు. బంతిని కొట్టే ముందు గుప్పెడు మట్టి తీసి, కల్లంలో వేరుశనగ తూర్పారబట్టే వాళ్లలా తల దాకా ఎత్తి జారవిడుస్తాడు. గాలి ఎటుందో చూసుకుని, పాదాలు రెండుసార్లు నేలకు రాసి, నాలుక కొస బయటపెట్టి కర్ర ఎత్తుతాడు. రైలు పట్టాల పక్కన, గడ్డి మొలవని మైదానంలో, ఇంజన్ల కూతల మధ్య నేర్చిన ఆట అది. పదేళ్లు ఆడిన పాత గోల్ఫ్ పోటీల టూర్ వదిలి, దానికి పోటీగా పుట్టిన కొత్త లీగులో చేరితే ఊరంతా దుడ్ల కోసమే అనుకుంది. వాళ్లమ్మ రామాంజినమ్మ అడగనే అడిగింది. "దుడ్లు ఎక్కువేలే అమ్మా. కానీ ఆ పాత టూర్‌లో నేను కర్ర ఎత్తితే అంతా సావింట్లో మాదిరి గమ్మునుంటారు. నాకు చెయ్యాడదు. ఈ కొత్త లీగులో అయితే పాటలు, ఈలలు, అరుపులు!" అన్నాడు కళ్లు మెరిపిస్తూ.

మొన్న ఆదివారం ఊరివాళ్లు బతిమాలితే అదే మైదానంలో కర్ర పట్టాడు. టీవీలో చూసిన మర్యాద గుర్తుంచుకుని మూడొందల మంది ఊపిరి బిగబట్టారు. వీరేష్ కర్ర ఊపాడు. మట్టి లేచింది గానీ బంతి కదల్లేదు. రెండోసారీ అంతే. రామాంజినమ్మ కొంగు నడుముకు చుట్టి లేచింది. "ఏమప్పా, నోర్లు పడిపోయినాయా మీకు? అరవండి!" జనం గోల ఎత్తుకున్నారు. ఎవరో తప్పెట కొట్టారు. బళ్లారి వైపు కదిలిన గూడ్సు కూడా కూత పెట్టింది. బంతి లేచి లేచి, పోతున్న ఆ గూడ్సు ఖాళీ పెట్టెలో పడింది.

"ఎంత దూరం కొట్టినావురా?" అంది తల్లి.

వీరేష్ నవ్వాపుకోలేక నేలమీద కూలబడ్డాడు. "బండి యాడ నిలబడితే ఆడికి, అమ్మా!"